శిశు చలన నైపుణ్యాలు, తెర సమయం
పరుగెత్తడం, గెంతడం, బంతి పట్టడం వంటి స్థూల చలన నైపుణ్యాలూ, పూసలు గుచ్చడం, బొత్తాం పెట్టుకోవడం వంటి సూక్ష్మ నైపుణ్యాలూ మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు వయసుతోనే వచ్చేయవు. పదేపదే చేస్తేనే కుదురుతాయి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలిపై గెంతి గీత తొక్కకుండా ఆగాలంటే చూపు, పాదం, నడుము ఒక్కసారే సర్దుకోవాలి. ఫోన్ తెరపై వేలు జరిపితే ఈ సాధన దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో, 3–4 ఏళ్లవారికి రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు కాస్త చురుగ్గా ఉండాలనీ, కూర్చుని తెర చూడటం గంట దాటకూడదనీ సూచించింది.

తెర సమయం వల్ల ఎదుగుదల మందగిస్తుందన్నప్పుడు, అసలు ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలకే పెద్దలు ఫోన్ ఎక్కువగా ఇస్తున్నారేమో అన్న అభ్యంతరం సబబైనదే. కెనడాలోని కాల్గరీలో 2,441 మంది తల్లీబిడ్డలపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనం దీన్నే పరిశీలించింది: ముందు తెర సమయం పెరిగితే తర్వాత వికాస పరీక్షల్లో స్కోర్లు తగ్గాయి, తిరగేసి చూస్తే ఆ సంబంధం కనబడలేదు. అయితే ప్రభావం చిన్నది, స్కోర్లు తల్లుల జవాబుల మీద ఆధారపడ్డవి, కొలిచినది చలనాన్ని మాత్రమే కాదు. కాబట్టి తెరను విషంలా చూడటం అతి. అది ఏ ఆటవేళను మింగుతోందన్నదే అసలు లెక్క; టీవీ ఆపేసినా ఇరుకు ఫ్లాట్‌లో కదలకుండా కూర్చోబెడితే ఒరిగేది తక్కువే.