తెప్పించిన ఫిట్స్, వాటంతటవే వచ్చే ఫిట్స్

మూర్ఛ ఎప్పుడొస్తుందో రోగికే తెలియదు. డాక్టరు కళ్లెదుట రావడం మరీ అరుదు. అందుకే దాన్ని మందుతో తెప్పించి చూడాలన్న ఆలోచన పాతదే. పారిస్‌లో వాలెంటిన్ మాన్యాన్ 19వ శతాబ్దంలోనే మాచిపత్రి జాతి మొక్క నూనెతో జంతువులకు ఫిట్స్ తెప్పించాడు.

1934 జనవరిలో బుడాపెస్ట్ వైద్యుడు లాడిస్లాస్ మెడూనా ఫిట్ తెప్పించడానికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బున్న రోగికి కర్పూరం కలిపిన నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. మూర్ఛకూ ఆ జబ్బుకూ పొసగదని ఆయన నమ్మకం. తర్వాత కర్పూరం స్థానంలో ఫిట్స్ తెప్పించే మరో మందు, మెట్రజోల్, వచ్చింది. మెడూనా సిద్ధాంతం నిలవలేదు. 1938లో రోమ్‌లో కరెంటుతో ఫిట్ తెప్పించే చికిత్స మొదలయ్యాక మానసిక వైద్యులు ఆ మందును క్రమంగా వదిలేశారు.

మూర్ఛ వైద్యులు మాత్రం దాన్ని అందిపుచ్చుకున్నారు. 1940లలో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు) తీస్తూ మెట్రజోల్‌ను నరంలోకి కొద్దికొద్దిగా ఎక్కించేవారు. ఆపరేషన్‌కు ముందు, ఫిట్స్ మెదడులో ఏ చోట పుడుతున్నాయో పట్టుకోవాలని. చిక్కు ఇక్కడే ఉంది. ఆ మందు మెదడంతటినీ రేపుతుంది. మోతాదు పెంచితే మూర్ఛ లేనివాళ్లకూ ఫిట్స్ వస్తాయి. కాబట్టి ఫిట్ రావడం కాదు, అది మొదలైన తీరే సాక్ష్యం. ఇంట్లో వచ్చేటప్పుడు ఎడమచెయ్యి ముందు అదిరేదా? అదే వాసన, అదే భయం కలిగాయా? కలిస్తే కొంత నమ్మవచ్చు. కలవకపోతే ఆ ఫిట్ మందుది, రోగిది కాదు. 1979లో పరిశోధకులు వీజర్, బాంకో, తలైరాక్ తదితరులు టెంపొరల్ లోబ్ (మెదడు పక్కభాగం) ఫిట్స్ ఏ వైపు పుడుతున్నాయో తేల్చడంలో సహజమైనవాటినీ, మందుతో, కరెంటుతో తెప్పించినవాటినీ పోల్చి వ్యాసం ప్రచురించారు. 1982లో అమెరికా మెట్రజోల్ అనుమతినే రద్దు చేసింది.

ల్యాబులో కథ వేరు. అక్కడ జంతువులకు ఫిట్స్ తెప్పించి, ఏ మందు వాటిని ఆపుతుందో చూస్తారు. 1960ల ఆరంభంలో ఫ్రాన్స్‌లో వేరే మందులను కరిగించడానికి వాడిన వాల్‌ప్రోయిక్ ఆమ్లమే మెట్రజోల్ ఫిట్స్‌ను ఆపుతోందని బయటపడింది. నేటికీ వాల్‌ప్రోయిక్ ఆమ్లం మూర్ఛకు ముఖ్యమైన మందు. లెవెటిరాసిటమ్ అనే మరో మూర్ఛ మందు మాత్రం మామూలు ఎలుకలపై కరెంటు, మెట్రజోల్ పరీక్షలు రెండింటిలోనూ తప్పింది. మూర్ఛ స్వభావం ఏర్పడిన జంతువుల్లోనే పనిచేసింది. తెప్పించిన ఫిట్‌నే కొలబద్దగా పట్టుకుని ఉంటే ఆ మందు మనకు దక్కేది కాదు.

ఇప్పుడు ఆసుపత్రిలో వీడియో ఈఈజీ పెట్టి, అవసరమైతే మాత్రలు తగ్గించి ఫిట్ కోసం కాచుకుంటారు. ఇలా వచ్చినదాన్నీ పూర్తిగా సహజమని నేననలేను. మాత్రలు తగ్గించే ఈ పని వైద్యుల నిఘాలోనే జరగాలి. ఇంట్లో సొంతంగా మాత్రలు ఆపకండి; ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.