ఇనుము-45 ఫొటోలో కనిపించేది ఏమిటి?

“ఇనుము-45 కేంద్రకం రెండు ప్రోటాన్లను ఒకేసారి వదులుతుండగా ఫొటో తీశారు.” 2007లో వార్సా విశ్వవిద్యాలయ బృందం అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం గురించి మామూలుగా చెప్పే మాట ఇది. తప్పు మాట కాదు. కాని ఒక్కో పదాన్నీ విప్పి చూడాలి.

ఇనుము-45. మనం వాడే ఇనుములో అధికభాగం ఇనుము-56; అంటే 26 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లు. ఇనుము-45లో ప్రోటాన్లు అవే 26, న్యూట్రాన్లు 19 మాత్రమే. ఇలాంటి వాటిని ఎక్సోటిక్ కేంద్రకాలంటారు. అరుదుగా దొరుకుతాయని కాదు, వాటిలోని పాళ్లు స్థిరత్వానికి చాలా దూరమని. దీని అర్ధాయువు రెండు మూడు మిల్లీసెకన్లు. తక్కువే, అయినా ప్రయోగంలో వాడిన గ్యాస్ నింపిన చాంబర్‌లోకి వచ్చి ఆగడానికి ఆ వ్యవధి ధారాళంగా సరిపోతుంది.

రెండు ప్రోటాన్లు. ఈ తరహా క్షయాన్ని భౌతిక శాస్త్రవేత్త గోల్డాన్‌స్కీ 1960లోనే ఊహించాడు. 2002లో ఆధారం దొరికింది. అయితే అప్పుడు కేంద్రకం సిలికాన్ డిటెక్టర్‌లో ఆగింది. అక్కడ తెలిసినది మొత్తం శక్తి, పట్టిన కాలం. ప్రోటాన్లు విడివిడిగా కనబడలేదు. ట్రాక్ అవసరమైంది ఇందుకే.

ట్రాక్. అనగా ప్రోటాన్ కాదు, అది పోయిన దారి. ప్రోటాన్ గ్యాస్‌లో దూసుకుపోతూ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. దీన్నే అయనీకరణం అంటారు. ఒక్కో ఎలక్ట్రాన్‌కు సగటున 30–40 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చు; కాబట్టి అర మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ పదివేలకు పైగా ఎలక్ట్రాన్లను వదిలిపోతుంది. ఇసుక లారీ పోయిన దారి రోడ్డు మీద రాలిన ఇసుకను బట్టి తెలిసినట్టే ఇది. లారీ నెమ్మదిస్తే అడుగడుగుకూ రాలే ఇసుక పెరిగినట్టే, ప్రోటాన్ కూడా నెమ్మదించేకొద్దీ అడుగడుగుకూ ఎక్కువ శక్తి వదులుతుంది. అందుకే ట్రాక్‌లో ఆగే చివర చిక్కగా, మొదలు పలచగా ఉంటుంది. ఏ కొస ఏదో దీన్ని బట్టే చెప్పవచ్చు.

డ్రిఫ్ట్. చాంబర్‌లోని విద్యుత్ క్షేత్రం ఆ ఎలక్ట్రాన్లను ఒకే వైపుకు, ఇంచుమించు స్థిరవేగంతో లాగుతుంది. వేగం తెలిస్తే, వచ్చిన వేళను బట్టి ఎంత దూరం నుంచి వచ్చాయో తెలుస్తుంది. అంటే కాలమే ఇక్కడ కొలబద్ద. డేవిడ్ నైగ్రెన్ 1974లో ప్రతిపాదించిన టైమ్ ప్రొజెక్షన్ చాంబర్‌కు పునాది ఇదే.

ఫొటో. చివర్న బలమైన క్షేత్రంలో ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగి, గ్యాస్ వెలుగుతుంది. కెమెరాకు చిక్కేది ఆ వెలుగే. షట్టర్ మిల్లీసెకన్ల పాటు తెరిచే ఉంటుంది కనుక అది ఒక క్షణపు చిత్రం కాదు, పోగుపడిన వెలుగు. పైగా బల్లపరుపు నీడ. లోతు అందులో లేదు. ఆ లోతును ఫోటోమల్టిప్లయర్ ఇస్తుంది, అనగా వెలుగు ఏ వేళకు ఎంత వచ్చిందో నమోదు చేసే పరికరం. చిక్కల్లా ఇక్కడే: దానికి రెండు ట్రాకుల వెలుగూ కలిసే అందుతుంది. కోణాలను, శక్తులను మార్చి మార్చి లెక్కగట్టి, చిత్రానికీ సిగ్నల్‌కూ ఒకేసారి ఒప్పే జతను ఎంచుకోవాలి.

అలా తేల్చిన కోణాలను కలిపి చూస్తే, ప్రోటాన్లు జంటగా అతుక్కుని వచ్చి తరువాత విడిపోయాయనే సరళ చిత్రం కుదరలేదు. రెండు ప్రోటాన్లు, మిగిలిన క్రోమియం-43 కేంద్రకం, ఈ మూడింటినీ ఒకే వ్యవస్థగా తీసుకున్న సిద్ధాంతమే కుదిరింది.