తమలపాకు మెత్తబడితే.. మొదట చూడాల్సింది పాదునే!
వర్షాకాలంలో ఆకుకుళ్లు, మొదలుకుళ్లు తెగుళ్లు.. గుర్తింపు, నివారణ

తాడిపత్రి: చుక్క నీటి కోసం వందల అడుగుల లోతుకు బోర్లు వేసే సీమలో నీరు ఎక్కువై చచ్చే పంట ఉందంటే ఆశ్చర్యం కలగవచ్చు. తమలపాకు అటువంటిదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వర్షం కురిసే అనంతపురం జిల్లాలో ఈ తోటలు బోరు నీటిపైనే బతుకుతున్నాయి. తాడిపత్రికి పొరుగున ఉన్న యాడికి మండలంలో ఆకుతోటల సాగు చాలాకాలంగా ఉంది. వారం వారం ఆకు కోసి అమ్ముకునే చిన్న రైతుకు ఇదే చేతి ఖర్చు, ఇదే అప్పు తీర్చే దారి. అటువంటి తోటలో అక్టోబరు, నవంబరు ముసురు పట్టినప్పుడు ఆకులు ఉడికించినట్లు మెత్తబడి, నల్లబడి రాలడం మొదలైతే పక్షం రోజుల్లోనే సాళ్లకు సాళ్లు ఖాళీ అవుతాయి. రోగమేదో తెలుసుకోకుండా దుకాణంలో ఇచ్చిన మందు తెచ్చి చల్లితే డబ్బు పోతుందే తప్ప తోట దక్కదు.

కారణం ఏమిటి?

ఆకులు మెత్తబడి కుళ్లడానికి ప్రధాన కారణం ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి. చూపునకు శిలీంధ్రంలా కనిపించినా ఇది నీటి బూజు జాతికి చెందినది. దీని బీజాలు నీటిలో ఈదగలవు. అందువల్ల ఒక పాదులో పుట్టిన తెగులు కాలువ నీటి వెంట పక్క పాదుకు, అక్కడి నుంచి పక్క సాలుకు పాకుతుంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను నాశనం చేసి ఘోర కరవుకు దారితీసినది ఈ జాతిలోని మరో తెగులే. మన చీనీ తోటల్లో చెట్టు మొదట బంక కార్చే తెగులు కూడా ఈ జాతిదే. కనుక ఆకుతోట మురుగునీటిని చీనీ తోటలోకి మళ్లించకూడదు.

ఏ తెగులుకు ఏ లక్షణం?

ఆకుకుళ్లు: నేలకు దగ్గరగా ఉన్న ఆకులపై మొదట కనిపిస్తుంది. వాన చినుకులకు చిందిన మట్టి ద్వారా బీజాలు ఆకుపైకి చేరడమే ఇందుకు కారణం. ఆకు అంచున నీటిలో నానినట్లున్న మచ్చ ఏర్పడి, గోధుమ, నలుపు వలయాలుగా విస్తరిస్తుంది. ముసురు ఉంటే ఆకు మొత్తం మెత్తబడుతుంది. ఎండ కాస్తే మచ్చ అక్కడికక్కడే ఎండి ఆగిపోతుంది.

మొదలుకుళ్లు: ఇది అత్యంత ప్రమాదకరం. ఆకులపై మచ్చలేమీ లేకుండానే తీగ మొత్తం వాడి, వేలాడి, పసుపుబారుతుంది. నేలకు ఆనుకున్న కాండం నల్లబడి, నొక్కితే పైపొర ఊడివచ్చి లోపల నారపోగులు మాత్రమే మిగులుతాయి. దుర్వాసన వస్తుంది.

కాండం మొదట తెల్లని దారాలు, ఆవగింజల వంటి ఉండలు కనిపిస్తే అది స్క్లెరోషియం అనే వేరొక శిలీంధ్రం పని.

బాక్టీరియా ఆకుమచ్చ: మచ్చలు చిన్నవిగా, ఈనెల మధ్య కోణాకారంలో ఉండి చుట్టూ పసుపు వలయం కలిగి ఉంటాయి. అనుమానం ఉంటే మచ్చ అంచును కత్తిరించి గాజు గ్లాసులోని తేట నీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో పాల చార వంటి ద్రవం కిందికి జారితే బాక్టీరియాగా భావించవచ్చు.

ఎండ దెబ్బ: ఆకు పాలిపోయి పెళుసుగా ఎండుతుంది, మెత్తబడదు. దీనికి తెగులు మందులు అవసరం లేదు. నీడ పెంచితే చాలు.

వెంటనే చేయాల్సినవి

పాదులో వేలెడు లోతున మట్టి తీసి పిడికిట బిగించాలి. నీరు కారితే తడి ఎక్కువైనట్లే. వెంటనే నీరు ఆపి, సాళ్ల మధ్య మురుగు కాలువలు లోతు చేయాలి. రోగం సోకిన ఆకులను ఏరి తోట బయట కాల్చివేయాలి. కాలువలో పారేయడం తెగులును చేతులారా పంచడమే. మొదలుకుళ్లుతో వాడిన తీగను ఏ మందూ బతికించలేదు. దానిని వేళ్లతో సహా పెకలించి, ఆ పాదుతోపాటు చుట్టుపక్కల పాదులకూ మందు పోయాలి. వర్షాలకు ముందే అవిశె కొమ్మలు కొంత నరికితే గాలి, వెలుతురు తగిలి ఆకులు త్వరగా ఆరుతాయి. యూరియా అధికంగా వేస్తే ఆకు లేతబడి తెగులుకు త్వరగా లొంగుతుంది.

బోర్డో మిశ్రమం తయారీ

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో పరీక్షించి, 1885లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త వెల్లడించిన ఈ మందు నేటికీ పనికొస్తోంది. ఒక కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలోనూ, ఒక కిలో మంచి సున్నాన్ని మరో 50 లీటర్లలోనూ వేర్వేరుగా కలపాలి. తుత్తం నీటిని సున్నపు నీటిలో పోస్తూ కర్రతో కలియబెట్టాలి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలనే వాడాలి. శుభ్రమైన ఇనుప కత్తిని కాసేపు ముంచి తీస్తే దానిపై రాగి రంగు పూత పట్టకూడదు. పడితే మరికొంత సున్నపు నీరు చేర్చాలి. లేనిచో ఆకులు మాడిపోతాయి. ఇది 1 శాతం ద్రావణం. పాదులు తడపడానికి దీనిని వాడాలి. ఆకులపై పిచికారీకి తుత్తం, సున్నం అరకిలో చొప్పున తీసుకుని 0.5 శాతం ద్రావణం చేసుకోవాలి. తయారుచేసిన రోజే వాడాలి.

ముందు జాగ్రత్తగా ట్రైకోడెర్మా

90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తగుమాత్రం నీరు చల్లి, నీడలో గోనెపట్టా కప్పి వారం నుంచి రెండు వారాలు ఉంచితే మేలు చేసే శిలీంధ్రం వృద్ధి చెందుతుంది. దీనిని వర్షాకాలానికి ముందే పాదుల్లో వేయాలి. రాగి మందులు దీనిని చంపుతాయి. అందుకే బోర్డో మిశ్రమానికీ దీనికీ మధ్య కనీసం 15 రోజుల ఎడం పాటించాలి. కొత్త తోటకు తీగ ముక్కలను తెగులు లేని తోట నుంచే తేవాలి.

నమిలే ఆకు.. జాగ్రత్త

తమలపాకును వండరు, కడిగి నేరుగా నములుతారు. పసిపిల్లల జలుబుకు, దేవుని పూజకు, పెళ్లి తాంబూలానికి అదే ఆకు. అందువల్ల కోతకు వచ్చిన ఆకు కోసిన తర్వాతే మందు చల్లాలి. చల్లాక కనీసం మూడు వారాలు కోయరాదు. యాంటీబయాటిక్ మందుల జోలికి పోరాదు. మెటలాక్సిల్ వంటి మందులను ఉద్యాన అధికారి సలహాపైనే వాడాలి.

ఇంటి కుండీల్లో..

తమలపాకు, తులసి, వాము ఆకు మొక్కల ఆకులు కుండీలో మెత్తబడితే తొలి అనుమానం నీటిపైనే. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. మొక్కను మట్టిగడ్డతో తీసి, నల్లబడిన వేళ్లు కత్తిరించి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటాలి. పైమట్టి ఆరిన తర్వాతే నీరు పోయాలి. రసాయన మందు అక్కర్లేదు.

నమూనా ఇలా..

సందేహం ఉన్న రైతులు గ్రామంలోని రైతు సేవా కేంద్రాన్ని గానీ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ టోల్‌ఫ్రీ నంబరు 1800 180 1551. అప్పుడే రోగం సోకిన ఆకులు, వేరుతో కూడిన తీగ మొదలు, పిడికెడు పాదు మట్టి తీసుకెళ్లాలి. ఆకులను పాత వార్తాపత్రికలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే దారిలోనే కుళ్లి, ఏ తెగులో తేల్చడం అధికారులకు కష్టమవుతుంది.