ఎర్రకొండ ఊరి వ్యాజ్యం

ఇపో నగర చరిత్ర వ్రాయబూనిన వారెవరైనా తగరంతోనే మొదలు పెడతారు. కింటా లోయలో తగరం లేకుంటే ఈ నగరమే లేదు. మన పెద్దలు మాత్రం ఆ గనుల కోసం వచ్చినవారు కారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి, ఎక్కువమంది రబ్బరు తోటలలోను, బాగన్ దాతో వైపు కొబ్బరి తోటలలోను పని చేశారు. అందుచేత గనుల కథ చీనా వారిది, మనది కాదు అనే అభిప్రాయం మన ఇళ్ళలో పాతుకొనిపోయింది. అది సరికాదని మా ఉద్దేశ్యం. గాలికి తోట హద్దు, గని హద్దు తెలియవు గదా!

తగరం తీసిన తరువాత మిగిలే బరువైన ఇసుకను ఈ ప్రాంతంలో అందరూ 'అమాంగ్' అంటారు. అందులో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. రంగుల టెలివిజన్ తెరల వంటి వాటికి కావలసిన 'రేర్ ఎర్త్' లోహాలు దాని నుండి వస్తాయి. వాటితోబాటే థోరియం కూడా వస్తుంది. థోరియం నుండి క్రమంగా థోరాన్ అనే వాయువు పుడుతుంది. ఒక నిమిషం గడిచేలోగా అందులో సగం వేరే పదార్థంగా మారిపోతుంది. ఆ పదార్థం ధూళికి అంటుకొని ఊపిరితో లోపలికి పోతుంది. ఇసుకలో కలిసి ఉన్నంతకాలం దీనితో బాధ తక్కువ. రసాయనాలతో కరిగించి, లోహాలు తీసికొని, థోరియం మిగిలిన మడ్డిని ఇళ్ళ దగ్గర కుప్ప పోస్తేనే చిక్కు. విశేషమేమంటే, మన తాతలు విడిచి వచ్చిన భీమునిపట్నం, శ్రీకాకుళం సముద్రతీరపు ఇసుకలో కూడా ఈ మోనజైటే ఉన్నది.

ఇపో పక్కన లహాట్ దారిలో బుకిట్ మేరా అనే ఊరున్నది. తెలుగులో చెప్పుకుంటే ఎర్రకొండ. సుమారు 11,000 మంది జనం, అందులో ఎక్కువమంది చీనా వారు. 1979లో ఏర్పడిన ఏషియన్ రేర్ ఎర్త్ కంపెనీ 1982లో అక్కడ మోనజైట్ కర్మాగారం నడపసాగింది. జపానుకు చెందిన మిత్సుబిషి కెమికల్ దానిలో ముఖ్య వాటాదారు. మడ్డిని పాపాన్ దగ్గర పాతిపెట్టబోతే 1984లో ఆ ఊరివారు రోడ్డెక్కి అడ్డుకొన్నారు. ఆ సంవత్సరమే జపాను నుండి సదావో ఇచికావా అనే శాస్త్రజ్ఞుడు వచ్చి కొలిచి చూడగా, కర్మాగారం దగ్గర కిరణ ప్రసారం అనుమతించిన హద్దు దాటి ఉన్నది.

1985 ఫిబ్రవరిలో ఎనిమిది మంది గ్రామస్థులు ఇపో హైకోర్టులో వ్యాజ్యం వేశారు. ఒక పక్క పెద్ద కంపెనీ, మరొక పక్క గనిలోను, కొట్టులోను పనిచేసి బ్రతికేవారు. అక్టోబరులో కోర్టు తాత్కాలికంగా పని ఆపమన్నది. 1987లో అణుశక్తి లైసెన్సు బోర్డు అనుమతితో పని మళ్ళీ మొదలైంది. ఆ సెప్టెంబరులో విచారణ ప్రారంభమైంది. అక్టోబరులో దేశమంతటా జరిగిన అరెస్టులలో ఈ ఉద్యమ నాయకులు కొందరు కూడా నిర్బంధానికి గురి అయ్యారు. అయినా ఊరివారు వెనుదీయలేదు.

కోర్టులో అసలు ప్రశ్న ఒక్కటే: జబ్బుకు కారణం ఈ కర్మాగారమే అని ఎవరు రుజువు చేయాలి? ఊరిలో అయిదేళ్ళలో ఎనిమిది మందికి రక్త క్యాన్సరు వచ్చింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఆ జబ్బు కనబడలేదు. గర్భస్రావాలు, పిల్లల రక్తంలో సీసం గురించి గ్రామస్థుల తరపు వైద్యులు సాక్ష్యం చెప్పారు. మా కొలతలు హద్దులోనే ఉన్నాయన్నది కంపెనీ. 1992 జూలై 11న హైకోర్టు గ్రామస్థుల పక్షాన తీర్పిచ్చి కర్మాగారం మూసివేయమన్నది. 1993 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. కంపెనీ తరపు నిపుణుల సాక్ష్యమే నమ్మదగినదనీ, అభ్యంతరముంటే ఆ బోర్డుకే చెప్పుకోవలసిందనీ ఆ తీర్పు సారాంశం. లైసెన్సు ఇచ్చిన వారి దగ్గరకే వెళ్ళి లైసెన్సు మీద ఫిర్యాదు చేయమనడం మాకు వింతగా తోచింది. తల్లి చెప్పిన మాట కంటె యంత్రం చూపిన అంకె బరువైనదా?

గెలిచిన కంపెనీయే 1994 జనవరిలో కర్మాగారం మూసివేసింది! తరువాత బాధ్యత ఒప్పుకోకుండానే ఆ ఊరి బడులకు 1,64,000 అమెరికన్ డాలర్లు విరాళమిచ్చింది. బడిపంతుళ్ళము గనుక ఈ లెక్క మాకు బాగా గుర్తున్నది.

శుభ్రం చేయడానికి మాత్రం దాదాపు 10 కోట్ల డాలర్లు పట్టింది. కలుషితమైన మట్టి, మడ్డి 11,000 లారీల పైగా తరలించారు. 80,000కు పైగా ఉక్కు పీపాల థోరియం మడ్డిని క్లెడాంగ్ కొండలలో పాతిపెట్టారు. థోరియం సగానికి తగ్గడానికి 1,400 కోట్ల సంవత్సరాలు కావాలి. సాయంకాలం తెలుగు తరగతికి వచ్చే పిల్లలు తలెత్తి పడమటి వైపు చూస్తే కనబడే కొండలు అవే.