కదలని కారులో కరెంటు దొంగ

సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చిన మర్నాడు ఉదయం. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు, రెండో సెల్లార్. ఆమె కారెక్కి తాళం తిప్పింది. టక్ టక్ టక్ టక్... డాష్‌బోర్డు మీది లైట్లు మినుకుమని ఆరిపోయాయి. మళ్లీ తిప్పింది. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు.

బ్యాటరీ కొత్తది. పెట్టించి నెల తిరగలేదు.

ఆమె మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. దీపావళికి మియాపూర్‌లో ఒక డీలర్ దగ్గర ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. డిసెంబరులో ఒక సోమవారం ఇలాగే స్టార్టు కాలేదు. బ్యాటరీ షాపతను వచ్చి చూసి "అయిపోయింది మేడమ్, మార్చాల్సిందే" అన్నాడు. మార్చింది. పాత బ్యాటరీ కదా, పోయి ఉంటుంది అనుకుంది. పండక్కి అయిదు రోజులు కారు కదల్లేదు. ఇప్పుడు కొత్తదీ పడిపోయింది.

వాచ్‌మన్ పక్క ఫ్లాటువాళ్ల దగ్గర జంపర్ కేబుళ్లు తెచ్చాడు. కారు కదిలింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి ఏ లోపమూ లేదన్నారు, ఇంకో బ్యాటరీ వేసుకోమని సలహా ఇచ్చారు. ఆ సలహా ఆమెకు మింగుడు పడలేదు. తప్పు ఎక్కడుందో తెలియకుండా భాగాలు మార్చుకుంటూ పోవడం ఆమె వృత్తిలో ఎవరూ ఒప్పుకోరు.

రాత్రి రాజమండ్రి నుంచి నాన్న ఫోను. "ఆ మైనస్ వైరు ఊడదీసి పెట్టి చూడమ్మా. అప్పుడు తెలుస్తుంది, తప్పు బ్యాటరీదో బండిదో."

ఎంత చక్కటి పరీక్ష అది! బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించి, మైనస్ వైరు విప్పి, కారును అయిదు రోజులు అలాగే వదిలేసింది. ఆరో రోజు వైరు బిగించి తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. బ్యాటరీ నిక్షేపంలా ఉంది. తాగేస్తున్నది కారే.

తాళం వేసిన కారు పూర్తిగా పడుకుంటుందనుకుంటాం. పడుకోదు. గడియారం, రిమోట్ తాళం కోసం ఎదురుచూసే రిసీవర్, అలారం, ఇంజన్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి, వీటన్నిటికీ రాత్రీపగలూ కాస్త కరెంటు కావాలి. ఆరోగ్యంగా ఉన్న కారుకు 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు చాలు. ఆమె కారులోది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. 20 మిల్లీఆంపియర్ల లెక్కన రోజుకు అర ఆంపియర్-అవర్ కూడా ఖర్చవదు, నెల రోజులు నిలబెట్టినా స్టార్టవుతుంది. అంతకు పదింతలు లాగితే వారం కూడా ఆగదు. పైగా ఐటీ కారిడార్ ప్రయాణం బ్యాటరీకి అసలు కలిసిరాదు. కొత్తగూడ జంక్షన్ దాటి సైబర్ టవర్స్ చేరేలోపు ఉన్నది నాలుగైదు కిలోమీటర్లే, కానీ సగం సేపు ఇంజన్ ఐడిల్‌లోనే ఉంటుంది. ఏసీ, లైట్లు, పాటలు తమ వాటా తీసుకోగా ఆల్టర్నేటర్ బ్యాటరీకి మిగిల్చేది కొంచెమే. వారంలో మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచి పని. కారు నడిచే గంటల కన్నా నిలబడే గంటలే ఎన్నో రెట్లు.

హఫీజ్‌పేట వైపు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడని ఆఫీసులో ఎవరో చెప్పారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆదివారం పొద్దున రెండు మల్టీమీటర్లు సంచిలో వేసుకుని సెల్లార్‌కే వచ్చాడు. రెండూ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవి.

"బ్యాటరీ మార్చుడుకు పది నిమిషాలు చాలు బిడ్డా. అది ఎందుకు పోతున్నదో చూసుడే అసలు పని," అన్నాడు.

ఆ పని ఆయనకు బాగా చేతికొచ్చింది లాక్‌డౌన్ ఏడాదిలో. 2020 మార్చి 22న తెలంగాణ ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది, 25 నుంచి దేశమంతటా అమలైంది. ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు తీసుకుని ఇళ్లు చేరారు, కార్లు సెల్లార్లు చేరాయి. సడలింపులు వచ్చాక చూస్తే గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా ఎక్కడ చూసినా లేవని కార్లే. ఒకే సెల్లార్‌లో, ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కన ఉంటే ఒకటి లేచేది, ఒకటి లేచేది కాదు. ఆ తేడా ఎందుకని ఆయన అప్పుడే వెతకడం మొదలుపెట్టాడు.

బానెట్ ఎత్తాడు. డ్రైవర్ తలుపు తీసి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూశాడు. తలుపు తెరిచే ఉంది, కానీ మూసేశారని కారు నమ్మాలి. లేకపోతే లోపలి కంప్యూటర్లు మేలుకునే ఉంటాయి. మైనస్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య ఒక మీటరు కట్టాడు, పది ఆంపియర్ల సాకెట్‌లో.

"ఇప్పుడు తాళం మాత్రం తిప్పకు బిడ్డా. స్టార్టర్ వందల ఆంపియర్లు గుంజుతది, మీటర్ల ఫ్యూజు ఎగిరిపోతది."

మీటరు 2.3 ఆంపియర్లు చూపించింది. ఆమె కంగారుపడింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "ఆగు. అన్నీ పండుకోవాలె." చాలామంది తొందరపడేది ఇక్కడే. కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి నిద్రలోకి జారుకోవడానికి అరగంట దాకా పడుతుంది. అంకె దిగుతూ వచ్చింది. 1.1, 0.6, 0.3... ఇరవై నిమిషాల తర్వాత 0.24 దగ్గర ఆగింది. ఇంకో పది నిమిషాలు చూశారు. కదల్లేదు.

240 మిల్లీఆంపియర్లు. ఆమె మనసులోనే లెక్కేసింది. రోజుకు దాదాపు 5.8 ఆంపియర్-అవర్లు, అయిదు రోజులకు 29. పండగ లెక్క సరిపోయింది.

ఆమె అనుమానం డాష్‌క్యామ్ మీద. ప్లగ్గు పీకింది. అంకె మారలేదు, తాళం తీస్తే ఆ సాకెట్‌కు కరెంటే ఉండదు. "ఫాస్టాగ్ ఏమన్నా?" అని అడిగింది. దానికి కారు కరెంటుతో పనే లేదు, టోల్ గేటు రీడరు పంపే తరంగాలతోనే అది పలుకుతుంది. డిక్కీలో లైటు వెలుగుతోందా అని ఫోన్ కెమెరా ఆన్ చేసి లోపల పెట్టి డిక్కీ మూసింది. తీసి చూస్తే వీడియో అంతా చీకటి.

ఆయన ఫ్యూజులను ఊరికే పీకలేదు. పీకి పెడితే నిద్రపోయినవి మళ్లీ లేస్తాయి, అరగంట వృథా. ప్రతి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద రెండో మీటరు ముళ్లు ఆనించాడు. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా. చెప్పుకోదగ్గ కరెంటు పారుతుంటే మిల్లీవోల్టుల్లో తెలుస్తుంది. సున్నా, సున్నా, సున్నా... స్టీరింగ్ కింది పెట్టెలో ఒక్కచోట మీటరు ఒక మిల్లీవోల్టు పలికింది. ఆ ఒక్కటే పీకాడు. బ్యాటరీ దగ్గరి అంకె 0.24 నుంచి 0.02కు పడిపోయింది.

"దొరికింది," అన్నది ఆమె.

"సందు దొరికింది. ఇల్లు దొరకలే," అన్నాడాయన.

ఆ ఫ్యూజు మీద స్టీరియో, లోపలి లైటు, గడియారం ఉన్నాయి. ఫ్యూజు తిరిగి పెట్టి స్టీరియో కనెక్టర్ ఊడదీశాడు. అరగంట ఆగితే మళ్లీ 0.24. లైటు బల్బు తీశాడు. అదే అంకె. ఆయన డాష్‌బోర్డు కింది ప్లాస్టిక్ విప్పి, వెల్లకిలా పడుకుని, టార్చి పెట్టి వైర్ల కట్టను వేళ్లతో తడుముతూ వెళ్లాడు. కంపెనీ చుట్టిన గుడ్డ టేపు మధ్య ఒకచోట వేలికి జిగురు తగిలింది. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు. విప్పితే, ఎప్పుడూ కరెంటుండే వైరును గీరి దానికి కలిపిన ఇంకో సన్న వైరు. అది పోయిపోయి లోపలి ఇనుప పట్టీకి కట్టిన ఒక నల్ల డబ్బాలో ముగిసింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఎర్ర లైటు మెరుస్తోంది.

జీపీఎస్ ట్రాకర్.

ఆమెకు చెమటలు పట్టాయి. మూడు నెలలుగా తను ఎక్కడికెళ్లినా ఎవరైనా చూస్తున్నారా? ఈ గాథలో నాకు బ్యాటరీ కన్నా బరువనిపించిన క్షణం ఇదే. రాత్రి షిఫ్టు ముగించి ఒంటరిగా ఇల్లు చేరే మనిషికి, తన కారులో తనకు తెలియని కళ్లున్నాయని తెలియడం చిన్న మాట కాదు.

ఆయన వైరు కత్తిరించి, కొసలు వేర్వేరుగా మూసి, డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. మీటరు మీద 0.02.

ఆమె ఆ డబ్బాతో నేరుగా మియాపూర్ వెళ్లింది. డీలర్ మొదట తనకేమీ తెలియదన్నాడు, డబ్బా బల్ల మీద పెట్టాక పాత ఫైలు తీశాడు. ఆ కారు సెల్ఫ్ డ్రైవ్ అద్దె సంస్థ నుంచి వచ్చింది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో తిరిగిన బండి, ఆర్టీఏలో సొంత వాహనంగా మార్పించి తెల్ల ప్లేటుతో అమ్మారు. ఎదురుగానే ఆ సంస్థకు ఫోను చేయించింది. బండి అమ్మినప్పుడే ఆ సిమ్ రద్దు చేశామని చెప్పారు. అంటే ఎవరూ చూడలేదు. సిమ్ చచ్చినా డబ్బాకు ఆ సంగతి తెలియదు. సెల్లార్‌లో అందని ఉపగ్రహాల కోసం, తనను రానివ్వని నెట్‌వర్క్ కోసం వెతుక్కుంటూనే ఉంది. అరిగిపోయిన తన లోపలి బ్యాటరీని నింపుకుంటూనే ఉంది. ఆ వెతుకులాటకే రెండు బ్యాటరీలూ ఖాళీ అయ్యాయి.

"అదే సంస్థ నుంచి ఇంకెన్ని కార్లు తెచ్చారు?" అని అడిగింది.

యార్డులో ఇంకా మూడున్నాయి. ఆమె అక్కడి నుంచి కదల్లేదు. హఫీజ్‌పేటకు ఫోను చేసి, "అంకుల్, మీటర్లు తీసుకుని రాగలరా?" అంది. సాయంత్రానికల్లా ఆయన ఆ మూడింటి డాష్‌బోర్డుల కిందా చూశాడు. రెండింటిలో అవే డబ్బాలు, అదే నల్ల టేపు.