తల్లి అడిగిన ప్రశ్న



బిడ్డకి మాటలు ఆలస్యమయ్యాయనుకోండి, నడక రాలేదనుకోండి, మన ఇళ్ళల్లో ముందుగా అందరి చూపూ పడేది తల్లిమీద. "కడుపుతో వున్నప్పుడు ఏం తిన్నదో!" అంటారొకరు. "ఆవిడ పుట్టింటి వైపు ఎవరికైనా వుందేమో కనుక్కున్నారా?" అంటారింకొకరు. మగపిల్లవాడి వైపు సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఈ మాటలకు గట్టి జవాబు చెప్పగల శాస్త్రం ఒకటి వుంది. పత్రికల్లో 'జన్యు పరీక్ష' అనీ, 'మనిషిని బట్టి మందు' అనీ చదువుతున్నామే, అదే. ఆ శాస్త్రంలో ఒక ముఖ్యమైన అధ్యాయం ఒక తల్లి పట్టుదలతో మొదలయింది. ఆ కథే ఈవేళ చెబుతాను.

ఆమె పేరు బోర్గ్నీ ఎగెలాండ్. నార్వే దేశస్థురాలు. 1927లో ఆమెకు లీవ్ అనే ఆడపిల్ల, 1930లో డాగ్ అనే మగపిల్లవాడు పుట్టారు. ఇద్దరూ పుట్టినప్పుడు బాగానే వున్నారు. తరవాత బుద్ధి ఎదగలేదు. పిల్లకి ఏవో నాలుగు మాటలు తప్ప రాలేదు. పిల్లవాడికి మాటా లేదు, నడకా లేదు. ఆ తల్లి ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. పిల్లల దగ్గర ఒక విధమైన ముక్కవాసన వస్తోందని కూడా ఆమె కనిపెట్టింది. రోజూ ఒళ్ళు కడిగి, బట్టలు మార్చే మనిషికి కాక ఆ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? కాని వైద్యులు ఆ మాట పట్టించుకోలేదు.

చివరకు 1934లో డాక్టర్ ఫోలింగ్ గారు ఆ మాట విన్నారు. ఆయన వైద్యమే కాదు, రసాయనశాస్త్రం కూడా చదువుకున్నారు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూస్తే అది ముదురు ఆకుపచ్చ రంగుకి తిరిగింది. అలాంటిది ఆయన ఎన్నడూ చూడలేదు. మందుల వల్లనేమోనని అన్ని మందులూ ఆపించి మళ్ళీ చూశారు. మళ్ళీ అదే పచ్చదనం! ఇహ ఆ పదార్థమేమిటో తేల్చటానికి ఆయన అడిగినప్పుడల్లా ఆ తల్లి పట్టి ఇచ్చిన మూత్రం సుమారు 20 లీటర్లు. నడవలేని పిల్లవాడి దగ్గర అది పట్టటం ఎంత కష్టమో పిల్లలను పెంచినవారికి వేరే చెప్పాలా? ఫోలింగ్ గారు ఆ తరవాత బుద్ధిమాంద్యం వున్న మరో 430 మందిని పరీక్షిస్తే ఎనిమిది మందిలో అదే కనబడింది. వారిలో తోబుట్టువులు వుండటంతో ఇది వంశంలో దిగేదని అర్థమయింది. దాన్నే ఇప్పుడు ఫినైల్ కీటోన్ యూరియా అంటున్నారు.

అసలు జరిగేదేమిటంటే, పాలు, పప్పు, గుడ్లు, మాంసం వీటన్నిటిలో వుండే మాంసకృత్తుల్లో ఫినైల్ అలనిన్ అనే పదార్థం వుంటుంది. మన కాలేయం దాన్ని మార్చి వాడుకుంటుంది. ఈ పిల్లల్లో ఆ పని జరగదు. వంటింటి తూము మూసుకుపోతే మంచినీళ్ళే అయినా గది ముంచేస్తాయి చూడండి, అలాగే ఆ పదార్థం రక్తంలో పేరుకుని, ఎదిగే మెదడుని పాడుచేస్తుంది. అంటే తల్లిపాలు కూడా ఆ బిడ్డకి మితిమీరితే చెరుపే!

మరి ఇది ఎవరి వైపునుంచి వచ్చింది? ఈ పని చేయించే జన్యువులు మనకి రెండేసి వుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఇంటికి రెండు తాళంచెవులు వున్నట్టన్నమాట. ఒకటి విరిగినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది, అంచేత విరిగిన సంగతి ఎవరికీ తెలియదు. తల్లి దగ్గరా ఒక విరిగిన చెవి, తండ్రి దగ్గరా ఒక విరిగిన చెవి వుండి, రెండూ ఒకే బిడ్డకి వస్తేనే జబ్బు. అలా రావటానికి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇందులో తల్లి తిన్నదీ లేదు, చేసిందీ లేదు. ఇద్దరి వాటా సమానం. ఈ ఒక్క మాట మనం గుర్తుపెట్టుకుంటే చాలు, ఎన్నో ఇళ్ళల్లో కన్నీళ్ళు తగ్గుతాయి.

కారణమయితే తెలిసింది, కాని చికిత్స లేదు. అది రావటానికి ఇంకో తల్లి పూనుకోవలసి వచ్చింది. 1951లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో షీలా అనే పసిపిల్లకి ఇదే జబ్బని డాక్టర్ బికెల్ గారు చెప్పారు. జబ్బు పేరు చెప్పి ఊరుకుంటే తల్లి ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే ప్రయోగశాల గుమ్మం ముందు నిలబడి, బిడ్డకి ఏదో ఒకటి చెయ్యమని అడిగేది. చివరకు లండనులోని లూయీ వుల్ఫ్ గారి సలహాతో, ఆ పదార్థం తీసేసిన ప్రత్యేక ఆహారం తయారు చేశారు. కొన్ని నెలల్లో పిల్ల ఏడుపు తగ్గింది, పాకటం నేర్చింది, కళ్ళల్లో కళ వచ్చింది. ఇది ఆహారం మహిమేనా అని తేల్చుకోవటానికి వైద్యులు తల్లికి చెప్పకుండా ఆ పదార్థాన్ని మళ్ళీ కలిపారు. ఒక్క రోజులోనే పిల్ల మళ్ళీ మొదటికొచ్చింది. తల్లికి చెప్పకుండా చెయ్యటం న్యాయం కాదనే నాకనిపిస్తుంది. తరవాత ఆమె అనుమతితోనే ఇంకోసారి చూసి, 1953లో లోకానికి వెల్లడించారు.

అయితే షీలాకి చికిత్స ఆలస్యంగా అందింది. ఎగెలాండ్ గారి పిల్లలకి అసలే అందలేదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే తెలుసుకోవాలి, అదీ కిటుకు. అమెరికాలో రాబర్ట్ గథ్రీ గారు ఆ పని సాధించారు. ఆయన కొడుక్కి బుద్ధిమాంద్యం. ఆయన భార్య సోదరి కూతురికి ఈ జబ్బే. శిశువు మడమ గుచ్చి, రెండు మూడు చుక్కల రక్తం కాగితం మీద అద్ది పంపితే చాలునన్నారాయన. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పరీక్షకి చట్టం చేసింది. తరవాత ఎన్నో దేశాలు అనుసరించాయి. ఆ నెత్తుటి చుక్కల మూలాన వేలాది పిల్లలు బడికి వెళ్ళి చదువుకున్నారు.

1983లో ఈ జన్యువునే పట్టుకున్నారు. దానిలో లోపం ఒక్క రకం కాదు, వెయ్యికి పైగా రకాలున్నాయని క్రమంగా తేలింది. అంచేత జబ్బు పేరు ఒకటే అయినా ఒక బిడ్డ కాస్త పాలు తట్టుకుంటాడు, ఇంకొకడు తట్టుకోలేడు. 2007లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన సాప్రోటెరిన్ అనే మందు కూడా కొందరికే పనిచేస్తుంది. ఎవరి జన్యువులో ఏ లోపం వుందో చూస్తే, ఎవరికి పనిచేసే అవకాశం వుందో ముందే కొంత అంచనా కట్టవచ్చు. మనిషిని బట్టి మందు అంటే ఇదే. మనకిది కొత్తా? మావగారికి పంచదార లేని కాఫీ, అత్తగారికి ఉప్పు తగ్గించిన కూర, చంటివాడికి కారం లేని ముద్ద – ఒక్క పొయ్యి మీదే మనం రోజూ చేస్తున్న పని, వైద్యం ఇన్నాళ్ళకి నేర్చుకుంటోంది.

ఇక మన సంగతి. తెలుగునాట మేనరికాలు ఎక్కువ. ఒకే తాతగారి విరిగిన చెవి బావకీ మరదలికీ ఇద్దరికీ చేరి వుండవచ్చు. అందుకని మేనరికంలో ఇలాంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది. అందరి పిల్లలకీ వస్తాయని కాదు లెండి, కాని పెళ్ళికి ముందో, కాన్పుకి ముందో జన్యు వైద్యుల సలహా తీసుకోవటం మంచిది. హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులకు ఇలాంటి రక్తపరీక్షలు చేసి, ఫలితాలు 2004లో ప్రకటించారు. వాళ్ళలో థైరాయిడ్ లోపం ఎక్కువగా కనబడింది. అది అన్నిసార్లూ వంశంలో వచ్చేది కాదు గాని, మొదట్లోనే కనిపెట్టి రోజూ మాత్ర వేస్తే బిడ్డ తెలివి నిలబడుతుంది. అన్ని ఆసుపత్రుల్లోనూ అడగకుండానే ఈ పరీక్ష చేస్తారనుకోకండి. అడగండి.

ఒక్క భయం మాత్రం వుంది. ఈ పరీక్షల్ని కోడలి లోపాలు వెతికే సాధనంగా మార్చుకోకూడదు. విరిగిన తాళంచెవి ఏదో ఒకటి దాదాపు మనందరి దగ్గరా వుంటుంది. అంచేత ఒక పాత నోటుపుస్తకం తీసి, రెండు వైపుల వారి జబ్బులూ రాసి పెట్టండి. అమ్మమ్మ వైపువీ, నాయనమ్మ వైపువీ కూడా. మీ డాక్టరుగారికి అది ఎంతో ఉపయోగం. బిడ్డలో ఏదైనా తేడా కనిపించి, "ఏం లేదమ్మా, ఎదిగితే సర్దుకుంటుంది" అని ఎవరైనా అంటే, ఇంకోసారి అడగటానికి మొహమాటపడకండి. వాసన సంగతి పట్టువదలకుండా చెప్పిన ఒక ఇల్లాలి పిల్లలు బాగుపడలేదు. కాని ఆమె అడిగిన ప్రశ్న వల్ల పరాయి పిల్లలెందరో బాగుపడ్డారు.