సొంత భాషలో రాక్ పాడినోళ్లు: వరుంపి బ్యాండ్



రాక్ పాట అంటే ఇంగ్లిష్‌లోనే ఉండాలని మనలో చాలామందిమి అనుకుంటాం. కానీ ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో పపున్యా అనే ఊరుంది. చుట్టుపక్కల ఆదివాసుల్ని ప్రభుత్వం తెచ్చి ఒకచోట ఉంచిన ఊరది. 1980లో అక్కడి అన్నదమ్ములు సామీ బుచర్, గోర్డన్ బుచర్, ఎల్కో దీవి ఆదివాసీ జార్జ్ బురర్‌వంగ, తెల్లజాతి కుర్రాడు నీల్ మర్రే కలిసి వరుంపి బ్యాండ్ పెట్టారు.

1983లో లురిట్జా భాషలో 'జైలంగురు పకర్ను' రికార్డు చేశారు. జైలు నుంచి బయటికి రావడం గురించిన పాట. ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలో వచ్చిన మొదటి రాక్ రికార్డు ఇదేనంటారు. జార్జ్ సొంత భాష లురిట్జా కాదు. అయినా ఆ జనం భాషలోనే పాడాడు.

1986లో మిడ్‌నైట్ ఆయిల్ అనే పెద్ద బ్యాండ్‌తో కలిసి మారుమూల ఆదివాసీ ఊళ్లు తిరిగారు. ఆ ప్రయాణంలోంచి పుట్టిన ఆల్బమ్‌తో మిడ్‌నైట్ ఆయిల్‌కి ప్రపంచమంతా పేరొచ్చింది. వరుంపికి రాలేదు. 1987లో వీళ్లు ఇచ్చిన 'మై ఐలాండ్ హోమ్' కూడా అంతే. 1995లో క్రిస్టీన్ అను పాడాకే దేశమంతా పాకింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముగింపులో ఆమే పాడింది. మొదట పాడిన జార్జ్ 2007లో చనిపోయాడు.

మన కోయ, గోండి, సవర, కువి భాషల్లో పాట కడితే ఎవరు వింటారని అడుగుతుంటారు. ముందు మన ఊరు వింటది. వరుంపి వాళ్లు మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే.